పరుగు కుక్కది, పరీక్ష మనిషిది

ఫ్లాటులో తిప్పలు పెట్టే హుషారు కుక్క అజిలిటీ బరిలో ఆస్తి. అయితే ముందుగా శిక్షణ కావాల్సింది యజమానికే

సూరత్‌లో కుక్కను పెంచడానికి ప్రేమ ఒక్కటే చాలదని 2025లో తేలిపోయింది. పెంపుడు కుక్కకు లైసెన్సు కావాలంటే పది మంది ఇరుగుపొరుగువారి సమ్మతి తెమ్మని నగరపాలక సంస్థ షరతు పెట్టింది. ఆ ఏడాది మే నెలలోనే అహ్మదాబాద్‌లో ఓ రాట్‌వీలర్ దాడిలో నాలుగు నెలల పసిపాప చనిపోయింది. ఆ భయం గుజరాత్ నగరాల అపార్టుమెంట్లన్నిటినీ తాకింది.

సంతకం పెట్టాల్సిన పొరుగింటాయనకు కుక్క వంశవృక్షంతో పని లేదు. అది లిఫ్టులో మీద పడుతుందా, అర్ధరాత్రి మొరుగుతుందా అన్నదే ఆయన ప్రశ్న. చిక్కంతా అక్కడే ఉంది. బోర్డర్ కోలీ గొర్రెల మందలను కాయడానికి, లాబ్రడార్ వేటలో పడిన పక్షులను తెచ్చివ్వడానికి తయారైన జాతులు. రోజంతా పరిగెత్తే ఒళ్లు వాటిది. అలాంటి కుక్కను రెండు పడగ్గదుల ఫ్లాటులో పెట్టి, పొద్దున పది నిమిషాలు వీధి చివరిదాకా తిప్పి తీసుకొస్తే మిగిలిన శక్తినంతా అది సోఫా మీదో, గేటు దగ్గరో ఖర్చు చేస్తుంది.

ఆ శక్తికి ఓ పని చూపించే ఆట అజిలిటీ. 1978లో లండన్‌లోని ఒలింపియా హాల్లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో రెండు పోటీల మధ్య ఖాళీ సమయంలో ప్రేక్షకులకు వినోదం కావాల్సి వచ్చింది. నిర్వాహక సంఘ సభ్యుడు జాన్ వార్లీ గుర్రాల జంపింగ్ పోటీలను కుక్కలకు మలిస్తే బావుంటుందనుకున్నారు. శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ దానికి రూపమిచ్చారు. కాలక్షేపంగా మొదలైన ఆట 1996 నాటికి స్విట్జర్లాండ్‌లోని మోర్జ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరుపుకునే స్థాయికి చేరింది. ఇప్పుడు చాలా దేశాల్లో శని, ఆదివారాలు వస్తే మైదానాల్లో అజిలిటీ ట్రయల్స్ జరుగుతుంటాయి.

చూడ్డానికి ఆట సులువే. హర్డిళ్లు దూకాలి, సొరంగంలో దూరి బయటికి రావాలి, ఇంటి కప్పులా వాలుగా నిలిపిన పలకలు ఎక్కి దిగాలి, తూగుడు బల్ల మీద నడవాలి, వరుసగా నిలిపిన 12 కర్రల మధ్య మెలికలు తిరగాలి. వీటి వరుస ప్రతి పోటీలోనూ మారిపోతుంది. పోటీకి ముందు యజమాని ఒక్కడే బరిలో కొద్ది నిమిషాలు నడిచి దారిని బట్టీ పట్టాలి. ఆ అవకాశం కుక్కకు లేదు. తాడు, బిస్కెట్, బొమ్మ ఏవీ బరిలో ఉండకూడదు. కుక్కను చేత్తో తాకకూడదు. గొంతు, చెయ్యి, భుజం, అడుగు... యజమాని దగ్గరుండే పనిముట్లు ఇవే.

హుషారు కుక్కతో పోటీ కష్టమయ్యేది ఇక్కడే. మేలైన కుక్క బరిలో సెకనుకు ఐదు మీటర్లకు పైగా పరిగెడుతుంది. యజమాని అర సెకను ఆలస్యంగా పిలిస్తే అది అప్పటికే రెండున్నర మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. మలుపు దాటిపోతుంది, ఎదురుగా కనిపించిన తప్పుడు సొరంగంలో దూరుతుంది. అంతటితో ఆ జంట పోటీ నుంచి అవుట్. చూసేవాళ్లకు కుక్క మాట వినలేదనిపిస్తుంది. నిజానికి మాటే ఆలస్యంగా వచ్చింది. కుక్క హర్డిల్ మీద గాల్లో ఉన్నప్పుడు కాదు, ఇంకా దూకకముందే తర్వాతి మలుపు దానికి తెలియాలి.

వాలు పలకల అడుగు భాగానికి వేరే రంగు వేస్తారు. దిగేటప్పుడు అక్కడ కాలు పెట్టకుండా ఎగిరి దూకితే ఐదు ఫాల్టులు. ఎత్తు నుంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకోకుండా చూడ్డానికే ఈ నిబంధన. ఉరుకు మీదున్న కుక్కకు అక్కడ ఆగడం ఎంతో కష్టం. ఆరంభ గీత దగ్గర కూర్చోమంటే కూర్చోవడం అంతకన్నా కష్టం. అందుకే అనుభవజ్ఞులు పరుగు కన్నా ముందు ఆగడం నేర్పుతారు. కేవలం వేగం నేర్పితే కుక్క ఇంకా రెచ్చిపోతుంది.

మన దేశంలో కుక్కల పోటీ అంటే ఎక్కువగా అందం, జాతి లక్షణాలు చూసే షోలే. అడ్డంకులు దాటే విద్య పోలీసు జాగిలాలకే పరిమితమన్న భావన ఉంది. తెలంగాణ పోలీసులు హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లో జాగిలాలకు శిక్షణ ఇస్తారు. ఇంటి కుక్కలకూ చోటు కావాలన్న ఆలోచన 2018లో హైదరాబాద్‌లోనే కార్యరూపం దాల్చింది. కొండాపూర్‌లో చెత్త డంపింగ్ యార్డుగా ఉన్న 1.3 ఎకరాలను జీహెచ్‌ఎంసీ సుమారు రూ. 1.1 కోట్లతో కుక్కల పార్కుగా మార్చింది. అందులో శిక్షణ, వ్యాయామ పరికరాలు కూడా పెట్టింది. ఫ్లాట్ల నగరాలన్నిటికీ పనికొచ్చే పాఠమిది.

సూరత్ లాంటి చోట వాతావరణమూ చూసుకోవాలి. కుక్క ఒంటి వేడిని తగ్గించుకునేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. సముద్ర తీరపు ఉక్కపోతలో ఆ ఉపాయం సరిగా పనిచేయదు. అందుకే సాధన తెల్లవారుజామునే చేయాలి, పది నిమిషాలకు మించకూడదు, పక్కనే నీళ్లుండాలి. నున్నటి టైల్స్ మీద దూకించకూడదు. ఎముకలు గట్టిపడని కూనలకు ఎత్తు హర్డిళ్లు నిషిద్ధం. అంతర్జాతీయ పోటీల్లోనూ 18 నెలలు నిండని కుక్కను అనుమతించరు.

అలాగని అజిలిటీ సర్వరోగ నివారిణి కాదు. కరిచే కుక్కను బరిలోకి కాదు, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కానీ విసుగుతో అల్లరి చేసే కుక్కకు ఇది మంచి మందు. దీనికి పెద్ద సరంజామా కూడా అక్కర్లేదు. అన్నం గిన్నె ముందు ఆగడం, లిఫ్టు తలుపు తెరుచుకున్నా చెప్పేదాకా కదలకపోవడం, ఆడుకుంటూ ఉండగా పిలిస్తే తిరిగి రావడం... తొలి పాఠాలివే.

పోటీలో నిమిషం లోపే అంతా అయిపోతుంది. కప్పు ఒక్కరికే దక్కుతుంది. మిగతా జంటలు మాత్రం వట్టి చేతులతో ఏమీ వెళ్లవు. ఆరంభ గీత దగ్గర ఆగడం నేర్చిన కుక్క సోమవారం పొద్దున లిఫ్టులో పొరుగింటి పాప పక్కన కూడా ఆగుతుంది. ఆ పది సంతకాలకు అంతకన్నా మంచి సిఫారసు ఉండదు.