సన్నబడిన బిడ్డ నడక చూశారా?

హైదరాబాద్: మన పల్లెల నుంచి వెళ్ళి హైటెక్ సిటీలో కుర్చీ ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఎందరో. ఒళ్ళు వచ్చిందని కొందరు బరువు తగ్గే సూదుల వైపు చూస్తున్నారు. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశానికి వచ్చాయి. డాక్టరు చీటీ లేనిదే వీటిని వాడరాదు.

విడిగా కలిపి సీసాల్లో నింపి ఇచ్చే మందుతో భయం ఎక్కువ. అమెరికాలో అలాంటి సెమాగ్లుటైడ్‌ను కొందరు కొలత తెలియక 5 నుంచి 20 రెట్లు ఎక్కించుకుని ఆస్పత్రి పాలయ్యారని 2024లో అక్కడి ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరించింది.

వాంతులతో తిండి తగ్గితే బి1 విటమిన్ లోపించి నరాలు దెబ్బతింటాయి. ఒళ్ళు గబగబా కరిగితే మోకాలి పక్కనున్న నరానికి కొవ్వు అండ పోతుంది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే అది నలిగి, పాదం పైకి లేవదు.

పండక్కొచ్చిన బిడ్డ సన్నబడిందని మురిసిపోతే చాలదు. తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు, కాలి చెప్పు జారడం ఉంటే నీరసమని సరిపెట్టుకోకండి. ఏం మందు, ఎవరిచ్చారని అడగండి. వెంటనే డాక్టరుకు చూపించండి.