రాత్రి పూట తలుపు తీసేదెవరు?

ఒక ఊరు చెడిపోయిందని ఎలా చెప్తాం? మామూలుగా అయితే తాగుడు, లంచాలు, ఫోన్ పిచ్చి అని లిస్టు చదువుతాం. యూదుల హీబ్రూ గ్రంథాలు (క్రైస్తవులు పాత నిబంధన అనేవి ఇవే) వేరే పరీక్ష పెడతాయి. పొద్దుగూకాక వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి ఆ రాత్రి అక్కడ తలదాచుకునే చోటు దొరికిందా, లేదా?

మాది పలాస దగ్గర ఉద్దానం. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. ఈ కథలు భక్తితో కాదు, ఆసక్తితో చదివా. చదువుతున్నంతసేపూ నాకు కనిపించింది మాత్రం మా హైవే, మా రైల్వే స్టేషన్, మా బావులే.

‘మనవాళ్ళ’ ఊరు

న్యాయాధిపతులు అనే పుస్తకంలో 19వ అధ్యాయం. దేశానికి రాజు లేడు, ఎవరిష్టం వాళ్ళది. ఒక లేవీయుడు తన ఉపపత్నిని, పనివాణ్ణి వెంటబెట్టుకుని బేత్లెహేము నుంచి ఇంటికి బయలుదేరాడు. దారిలో సాయంత్రమైంది. దగ్గర్లో యెబూసు ఉంది, అదే యెరూషలేము. అక్కడ ఆగుదామని పనివాడంటే లేవీయుడు ఒప్పుకోలేదు. అది పరాయివాళ్ళ ఊరు, ఇంకాస్త ముందుకెళ్తే గిబియా వస్తుంది, అక్కడుండేది మనవాళ్ళే అన్నాడు.

మరి మనవాళ్ళ ఊళ్ళో ఏమైంది? వీధిలో కూర్చుంటే ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. నిజానికి వాళ్ళకి తిండి కూడా అక్కర్లేదు. రొట్టెలు, ద్రాక్షారసం, గాడిదలకి మేత అన్నీ తెచ్చుకున్నారు. ఒక్క రాత్రికి ఇంత చోటు చాలు. చివరికి పొలం నుంచి ఇంటికెళ్తున్న ఒక ముసలాయన చూసి, ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఎక్కడికెళ్తున్నారు అని అడిగి తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయనది గిబియా కాదు. ఎఫ్రాయిము కొండల నుంచి వలస వచ్చి అక్కడ బతుకుతున్న మనిషి.

సొదొమ కథలోనూ అంతే. వచ్చినవాళ్ళని బతిమాలి ఇంటికి పిలిచిన లోతు కూడా ఆ ఊరికి పరాయివాడే. సొదొమ తప్పేమిటో చెప్తూ యెహెజ్కేలు ప్రవక్త గర్వాన్ని, కడుపునిండా తిండి ఉండి కూడా పేదవాడికి చెయ్యి అందించకపోవడాన్ని లెక్కపెడతాడు. అంటే లేకపోవడం వల్ల చెడిపోయిన ఊరు కాదది. ఉన్నా తలుపు మూసుకున్న ఊరు.

వలస తెలిసిన గడ్డ

పరాయిచోట బతికినవాడికే పరాయివాడి కష్టం తెలుస్తుందంటే, మా జిల్లాకి అది బాగా తెలియాలి. హైదరాబాద్, చెన్నైలో భవనాల పనికి మావాళ్ళు. గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోట్ల మీద మావాళ్ళు. 2018 నవంబరులో అలా వేటకెళ్ళిన శ్రీకాకుళం జాలర్లే పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో విడుదలయ్యారు. మీరు చూసిన ‘తండేల్’ సినిమా వెనకున్నది ఆ సంఘటనే.

ఆ 2018లోనే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉండిపోతే, స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల కరెంటు సిబ్బంది వచ్చారు. తోట మొత్తం పోగొట్టుకున్న మా పక్కింటి మామ్మ వాళ్ళని చూసి అడిగిన మాట నాకింకా గుర్తు. “ఎవులు బాబూ మీరు? ఏ వూరు? బువ్వ తిన్నారా?”

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఒడిశా, బెంగాల్ కూలీలు మా హైవే మీదుగానే ఇళ్ళకి నడిచారు. రోడ్డు పక్కన పులిహోర పొట్లాలు, మజ్జిగ పట్టుకుని నిలబడ్డవాళ్ళున్నారు. అవే రోజుల్లో రాష్ట్రంలో చాలా ఊళ్ళు ముళ్ళకంపలు అడ్డం పెట్టి బయటివాళ్ళని ఆపేశాయి. భయం నిజమే. కానీ ఒకే రోగం, ఒకే భయం, ఒకరు పొట్లం కట్టారు, ఇంకొకరు కంప వేశారు. ఊరు ఎటు పోతోందో తేలేది అక్కడే.

ఎవరిని బయటికి నెట్టారు?

గిబియా కథ ముసలాయన మంచితనంతో అయిపోలేదు. ఊరి మూక తలుపు బాదితే, లోపలి మగవాళ్ళు తమని కాపాడుకోవడానికి ఆ స్త్రీని బయటికి నెట్టేశారు. తెల్లారేసరికి ఆమె చేతులు గడప మీద ఉన్నాయి. సొదొమలో లోతు కూడా తన కూతుళ్ళని ఇస్తానన్నాడు. ఈ భాగం చదివి పుస్తకం మూసేయాలనిపించింది. కానీ ఆ రచయిత దాచకుండా రాయడంలోనే విషయం ఉంది. అతిథి గౌరవం పేరుతో ఆడమనిషిని బలిచ్చే ఇంట్లో మర్యాద అప్పటికే చచ్చిపోయింది. ఈ రోజు అర్ధరాత్రి పలాస స్టేషన్‌లో ఒంటరిగా దిగిన అమ్మాయి భయం లేకుండా ఆటో ఎక్కగలదా? ఒక ఊరి ఆతిథ్యానికి నా వరకూ అసలు పరీక్ష ఇదే.

చెంబెడు నీళ్ళు

అదే న్యాయాధిపతుల కాలంలో ఇంకో కథ నడిచింది. మోయాబు దేశం నుంచి వచ్చిన రూతు భర్త చనిపోయిన మనిషి. బేత్లెహేము పొలాల్లో రాలిన కంకులు ఏరుకుంటుంది. పేదలకి, పరదేశులకి పరిగె వదలాలన్నది వాళ్ళ చట్టం. పొలం యజమాని బోయజు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆమెని ఎవరూ ముట్టుకోకూడదని పనివాళ్ళకి చెప్పాడు. దాహమేస్తే వాళ్ళు తోడిన నీళ్ళే తాగమన్నాడు. కాలం చెడ్డదే, కానీ ఒక పొలం మాత్రం చెడిపోలేదు.

ఉద్దానంలో నీళ్ళివ్వడం చిన్న మాట కాదు. ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళని తినేసింది. కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. జనం అనుమానం మాత్రం నీళ్ళ మీదే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. చుట్టం రాగానే చెంబుతో నీళ్ళిచ్చే ఇళ్ళలో ఇప్పుడు ఏ నీళ్ళివ్వాలని ఒక్క క్షణం ఆగుతారు. మా ఇంట్లో క్యాన్ నీళ్ళు ముందు వచ్చినవాళ్ళకే.

రేపు వచ్చేవాళ్ళు

టెక్కలి దగ్గర మూలపేటలో పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఇన్నాళ్ళూ పని కోసం వెళ్ళింది మనం. రేపు పని కోసం ఇక్కడికి వచ్చేవాళ్ళుంటారు. వేరే భాష, వేరే తిండి, వేరే దేవుడు. వాళ్ళు గది అద్దెకి అడుగుతారు.

హైదరాబాద్‌లో ‘టు లెట్’ బోర్డు చూసి గేటు తట్టినప్పుడు నన్నూ “ఏ వూరు? మీరేమిట్లు?” అని అడిగారు. ఏ వూరని మామ్మ కూడా అడిగింది, గిబియాలో ముసలాయనా అడిగాడు. వాళ్ళిద్దరూ లోపలికి పిలవడానికి అడిగారు. ఆ గేటు దగ్గర వాళ్ళు వద్దనడానికి అడిగారు. రేపు మన గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి మనమూ అడుగుతాం, ఏ వూరని. ఆ తర్వాతి ప్రశ్న కులమా, బువ్వ తిన్నావా అన్నదా? అది మన ఇష్టం.