క్లోమ వాపును నిర్లక్ష్యం చేస్తే కేన్సర్ ముప్పు

జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు ఉండే క్లోమ గ్రంథి ఆహారాన్ని జీర్ణం చేసే రసాలను, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. ఈ గ్రంథి ఏళ్ల తరబడి వాపునకు గురైతే కణజాలం గట్టిపడి, నాళంలో రాళ్లు ఏర్పడతాయి. దీనినే దీర్ఘకాలిక క్లోమ వాపు అంటారు.

ఈ వ్యాధికి, క్లోమ కేన్సర్‌కు గల సంబంధం 1993లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో స్పష్టమైంది. ఆరు దేశాలకు చెందిన 2,015 మంది రోగులను పరిశీలించగా, వాపు బయటపడిన పదేళ్లలో 1.8 శాతం, ఇరవై ఏళ్లలో 4 శాతం మందికి కేన్సర్ సోకే అవకాశమున్నట్లు తేలింది. అనగా అత్యధికులకు కేన్సర్ రాదు. అయినప్పటికీ సాధారణ ప్రజలతో పోల్చితే ఈ ముప్పు అనేక రెట్లు అధికం. వాపు వల్ల కణాలు పదేపదే దెబ్బతిని తిరిగి పుట్టే క్రమంలో జన్యు లోపాలు పేరుకుపోవడమే ఇందుకు కారణం. ధూమపానం ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది.

మద్యం అలవాటు లేని యువతలోనూ క్లోమంలో రాళ్లు ఏర్పడే ఉష్ణమండల క్లోమ వాపు దక్షిణ భారతదేశంలో కనిపిస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొని 2002లో ప్రచురించిన పరిశోధన, ఈ వ్యాధికి స్పింక్1 అనే జన్యువులోని మార్పులతో సంబంధమున్నట్లు నిరూపించింది. కావున ఈ రోగులందరినీ మద్యపానపరులుగా భావించడం తగదు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల రైతులు, పరిశ్రమల కార్మికులు పైకడుపు నొప్పిని గ్యాస్ నొప్పిగా భావించి మాత్రలతో సరిపుచ్చుకోరాదు. వీపులోకి పాకే నొప్పి, జిడ్డుగా తేలే మలం కనిపిస్తే సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వైద్యుని సంప్రదించాలి. గ్రంథి పూర్తిగా క్షీణించినపుడు కొందరిలో నొప్పి దానంతటదే తగ్గుతుంది. అంతమాత్రాన వ్యాధి నయమైనట్లు కాదు.

ఇప్పటికే వ్యాధి ఉన్నవారిలో అకారణంగా బరువు తగ్గడం, పచ్చకామెర్లు, కొత్తగా మధుమేహం లేదా అదుపులో ఉన్న మధుమేహం పెరగడం, నొప్పి తీరు మారడం కేన్సర్ సూచనలు కావచ్చు. రాళ్లు, మచ్చల మాటున కణితి స్కానింగులో సులువుగా కనిపించదు గనుక పాత రిపోర్టులను భద్రపరచి వైద్యునికి చూపాలి. వంశపారంపర్య క్లోమ వాపు గల కుటుంబాల వారు వైద్యుని సలహాపై క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలి.

పేద కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పథకం క్రింద కేన్సర్ చికిత్స లభిస్తుంది. ఈ పథకం పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. నగరంలోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలోనూ చికిత్స అందుబాటులో ఉంది. పొగాకు, మద్యం మానివేసి, సకాలంలో వైద్యం పొందడమే ఈ వ్యాధి నుండి ఉత్తమ రక్షణ.