కారు దించమంటుంది, నీరు ఎత్తమంటుంది: చంద్రపూర్‌లో స్పోర్ట్స్ కారుకు గ్యారేజీ కట్టే ముందు

ఈమధ్య మన తెలుగు కుటుంబాల నుంచి సంఘానికి ఒక కొత్త రకం ప్రశ్న వస్తోంది. హైదరాబాద్, పుణె, బెంగళూరుల్లో స్థిరపడిన పిల్లలు కొందరు స్పోర్ట్స్ కార్లు కొంటున్నారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు ఇక్కడి నుంచి వెళ్లి చూసొచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ సరదాను మనం తప్పు పట్టనక్కర్లేదు. అయితే పండక్కి కారు ఇంటికొస్తే దాన్ని పెట్టడానికి చోటు కావాలి. ఆ చోటు కోసం తండ్రి గనిలోనో, పేపర్ మిల్లులోనో, కరెంటు కేంద్రంలోనో పనిచేసి కట్టుకున్న ఇంటి ముందు వరండా పోతోంది. ఖర్చు చాలా ఇళ్లలో పెద్దల పీఎఫ్ డబ్బులోంచే వెళ్తోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. ఇలాంటి గ్యారేజీలో డబ్బు పెట్టాల్సింది నేలలో. షట్టర్, లైట్లు, గోడల రంగు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నేల ఎత్తు, వాలు, కింది మట్టి మాత్రం ఒక్కసారే కుదరాలి.

ఎత్తు తగాదా

మామూలు చిన్న కారు అడుగు భాగం నేలకు 160 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి అది 100 నుంచి 130 మాత్రమే. మన ఊళ్లో వాననీళ్లకు భయపడి ఇంటి నేలను రోడ్డు కంటే అడుగున్నర, అంటే 450 మిల్లీమీటర్లు ఎత్తుగా కట్టుకోవడం అలవాటు. గేటు దాటగానే ఆ ఎత్తు ఎక్కించేలా మేస్త్రీ ఒక పొట్టి ర్యాంపు వేస్తాడు. స్కూటర్ ఎక్కుతుంది, జీపు ఎక్కుతుంది. స్పోర్ట్స్ కారు మాత్రం కింద ముక్కు తగిలి ఆగుతుంది, లేదా పైన అంచు మీద పొట్ట ఆని ఇరుక్కుంటుంది.

లెక్క చూడండి. ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరం 2.45 మీటర్లు అనుకుందాం. పోర్షే 911 కొలత సుమారుగా అదే. పది అడుగులకు ఒక అడుగు లేచే వాలైతే, ర్యాంపు పైఅంచు దాటేటప్పుడు అంచు కారు పొట్ట వైపు 6 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. కారుకు ఇబ్బంది లేదు. ఆరడుగులకు ఒక అడుగు లేచే వాలైతే అది 10 సెంటీమీటర్లు దాటుతుంది. పొట్ట తగిలినట్టే.

కాబట్టి పదికి ఒకటి అనే వాలును దాటకండి. కిందా పైనా వాలు మారేచోట మూల తేలకుండా కొంత దూరం సగం వాలుతో కలపమనండి. కారు రాకముందే పరీక్షించుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పది సెంటీమీటర్ల ఎత్తున్న రెండు చెక్క దిమ్మెలు తీసుకుని, వాటి తలలకు రెండున్నర మీటర్ల సుతిలి బిగించి కట్టండి. ఇద్దరు మనుషులు ఆ దిమ్మెలను నేల మీదే జరుపుతూ ర్యాంపు ఎక్కించాలి. సుతిలి ఎక్కడ నేలను తాకితే అక్కడ కారూ తాకుతుంది. ముక్కు సంగతి దీనితో తెలియదు. దానికి ముందు చక్రం నుంచి బంపర్ చివరి దాకా ఉన్న దూరాన్ని, బంపర్ ఎత్తును విడిగా కొలవాలి.

ఇప్పుడు చిక్కు ఇక్కడే. 450 మిల్లీమీటర్లు ఎక్కాలంటే పదికి ఒకటి చొప్పున నాలుగున్నర మీటర్ల ర్యాంపు కావాలి. దాన్ని గేటు బయట మోరీ మీదికి, రోడ్డు మీదికి దింపడానికి మనకు హక్కు లేదు. మోరీ మూసుకుపోతే మన నీళ్లు పక్కింట్లోకి పోతాయి. ర్యాంపు మన ప్లాటులోనే ఉండాలి. గ్యారేజీ లోతు ఆరు మీటర్లు, ర్యాంపు నాలుగున్నర, మొత్తం పదిన్నర మీటర్లు. ముప్పై బై యాభై అడుగుల ప్లాటులో పొడవు పదిహేను మీటర్లే. అంటే ఒక పక్కన వరండా, ముందు గది రెండూ పోవాల్సిందే.

మధ్యే మార్గం ఉంది. గ్యారేజీ నేలను ఇంటి నేలతో సమానంగా కట్టాలని నియమం ఏమీ లేదు. రోడ్డు కంటే 250 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచితే రెండున్నర మీటర్ల ర్యాంపు సరిపోతుంది. షట్టర్ ముందు అడ్డంగా జాలీ వేసిన కాలువ తీసి, నీటిని ప్లాటు లోపలి నుంచే మోరీకి కలపాలి. షట్టర్ రెండు పక్కలా గాడి పెట్టిస్తే, గట్టి వాన రోజున రబ్బరు అంచున్న అడ్డపలక దించుకోవచ్చు. గ్యారేజీ నుంచి ఇంట్లోకి ఎక్కడానికి ఒక మెట్టు వస్తుంది. ఆ మెట్టు మంచిదే, ఎందుకన్నది కింద చెబుతాం. ఇంకో సంగతి. సిమెంటు రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతూ వస్తోంది. ఈ రోజు కొలతకు ఆ పెరుగుదలను కలుపుకోండి.

2022 జూలైలో ఇరై నది నీళ్లు పఠాన్‌పురా వైపు, రహమత్‌నగర్ వైపు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడి వాళ్లకు మేము చెప్పనక్కర్లేదు. ఆ ఏడు మీ ఇంట్లో మోకాలి లోతు నీళ్లు వచ్చి ఉంటే, ఏ ర్యాంపూ ఏ పలకా ఆ కారును కాపాడవు. అలాంటి చోట గ్యారేజీ కట్టకపోవడమే మేలు. వానాకాలం నాలుగు నెలలు కారును ఎత్తు ప్రాంతంలో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచడం చవక.

కింది మట్టి

వార్ధా లోయ నల్లరేగడి పత్తికి బంగారం, ఇంటికి శత్రువు. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలు విచ్చుతుంది. ఇంటి గోడల బరువు మీద కొంత అణిగి ఉంటుంది కానీ, తేలికైన గ్యారేజీ నేలను మాత్రం పళ్లెంలా పైకి లేపుతుంది. రెండు వానాకాలాలకే నేల మధ్యలో పగిలి, షట్టర్ పట్టాలు వంకర పోతాయి.

కనీసం రెండు మూడు అడుగుల రేగడి తీసేసి మురూం నింపించండి. ఒక్కసారే పోసి పైన నీళ్లు కొడితే చాలదు. అరడుగు చొప్పున పొరలు వేసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి. ఇసుక చవకగా దొరికినా నింపొద్దు. ఇసుకలోంచి దిగిన నీరు అడుగున నిలిచి రేగడిని ఇంకా ఉబ్బిస్తుంది. ఉబ్బే నేల మీద ఉబ్బని బంకమట్టి పొర వేసి దాన్ని అదిమిపెట్టే పద్ధతిని ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి పరిశోధించి నిరూపించారు. కాలువ పనుల్లో దాన్ని వాడారు. కొంత బంక ఉన్న మురూం ఆ పనే చేస్తుంది.

దాని మీద నాలుగు అంగుళాల బెడ్, ఆపైన ఆరు అంగుళాల ఆర్‌సీసీ, రెండు వైపులా 8 మిల్లీమీటర్ల ఇనుము. స్తంభాలకు అండర్ రీమ్డ్ పైల్స్ వేయిస్తే నిశ్చింత. ఇవి అడుగున బుడిపెలా వెడల్పు చేసిన స్తంభాలు. నల్లరేగడి కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వీటిని అభివృద్ధి చేసింది. లోతు సాధారణంగా మూడున్నర మీటర్లు ఉంటుంది. గ్యారేజీ నేలను, గోడను పాత ఇంటి గోడకు బిగించకండి. మధ్య ఒక అంగుళం సందు వదిలి మెత్తటి పూరకం పెట్టించండి. ఏది కదిలినా రెండోదాన్ని లాగదు. ఎండాకాలంలో పని పెట్టుకుంటే తడి గోనెపట్టాలు కప్పి, కనీసం పది రోజులు ఆరనీయకుండా చూసుకోండి.

గని ప్రాంతాల వాళ్లకు ఇంకో జాగ్రత్త. 2022 ఆగస్టులో ఘుగ్గుస్ అమ్రాయి వార్డులో ఒక ఇల్లు నిలువునా భూమిలోకి కుంగింది. అడుగున పాత భూగర్భ గని ఉంది. ఇంట్లోవాళ్లు ముందే బయటికి రావడంతో ప్రాణాలు దక్కాయి. లాల్‌పేట, మహాకాళి కాలరీ, ఘుగ్గుస్ చుట్టుపక్కల పైల్ వేసే ముందు కింద ఏముందో గని సర్వే విభాగంలో రాతపూర్వకంగా అడగండి.

కొలతలు, ఎండ, ధూళి

మన రాష్ట్ర నిబంధనల్లో పెద్ద కారు పార్కింగ్ గడి 2.5 బై 5 మీటర్లు. అది కారు నిలపడానికి సరిపోతుంది, తలుపు తెరిచి మనిషి దిగడానికి చాలదు. ఫోర్డ్ మస్టాంగ్ అద్దాలు కాకుండానే 1.9 మీటర్ల వెడల్పు, దాదాపు 4.8 మీటర్ల పొడవు. రెండు తలుపుల కార్లకు తలుపు ఇంకా పొడుగు. లోపల పదకొండున్నర బై ఇరవై అడుగులు, షట్టర్ వెడల్పు తొమ్మిది అడుగులు ఉండేలా చూసుకోండి. ముందుముందు కారును పైకి లేపే లిఫ్ట్ పెట్టాలనుకుంటే పైకప్పు పన్నెండు అడుగులకు తగ్గకూడదు.

మే నెలలో మన ఊరు 46, 47 డిగ్రీలు చూస్తుంది. రేకుల కప్పు కింద కారు పెనం మీద అట్టులా ఉంటుంది. సీటు తోలు పగులుతుంది, రబ్బరు గట్టిపడుతుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. స్లాబు వేసి పైన తెల్ల చిప్పల చైనా మొజాయిక్ పరిపించండి. ఇక్కడి థర్మల్ కేంద్రం బూడిదతో చేసే ఇటుకలు గోడలకు బాగానే పనికొస్తాయి. షట్టర్ పడమటి ముఖంగా లేకుండా చూడండి. వేడిగా ఉందని గ్యారేజీలో ఎయిర్ కూలర్ మాత్రం పెట్టకండి. ఆ తడి గాలికి ఇనుము తుప్పు పడుతుంది.

బొగ్గు ధూళి సన్నని ఉప్పు కాగితం లాంటిది. పొడి గుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి. ముందు నీళ్లతో జార్చాలి. గ్యారేజీలో ఒక కుళాయి, నేలకు వంద అడుగులకు అడుగు చొప్పున తలుపు వైపు వాలు ఉంటే ఆ పని సులువు. నెలల తరబడి కదలని కారుకు బ్యాటరీని కొద్దికొద్దిగా నింపే ఛార్జర్ కోసం ఎర్తింగ్ ఉన్న పాయింటు పెట్టించండి. వైర్లు కొరికే ఎలుకల కోసం సందులకు జాలీ తప్పదు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డర్ ఇచ్చిన 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. నూరేళ్లు దాటిన బండిని ఇప్పుడు చూడగలుగుతున్నామంటే బాగుచేసిన చేతుల నేర్పు ఒకటి, నీడ, పొడి చోటు ఇంకొకటి.

ప్రాణాల సంగతి

మూసిన గ్యారేజీలో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన ఇళ్లలో వరండా పక్క గదిలో పడుకునేది ముసలివాళ్లే. కుర్రవాడు తెల్లవారుజామున ఇంజన్ వేడెక్కాలని వదిలేస్తే ఆ గాలి నేరుగా వాళ్ల గదిలోకి వెళ్తుంది. ఆ గోడకు కిటికీ వద్దు. మధ్య తలుపు దానంతట అదే బిగుతుగా మూసుకునేదై ఉండాలి. కారు బయటికి తీశాకే ఇంజన్ వేడి చేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. అందుకే ఇంటి నేల గ్యారేజీ నేల కంటే ఒక మెట్టు ఎత్తున ఉండటం మంచిదన్నాం. బయటి గోడకు కింద ఒకటి, పైన ఒకటి గాలి రంధ్రాలు ఉంచండి. డబ్బాల్లో పెట్రోలు దాచే అలవాటు వద్దు.

కాగితాలు

ముందు ఆఖీవ్ పత్రిక తీసి చూడండి. స్థలం నజూల్ అయితే లీజు షరతులు చదవండి. 2020 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర ఏకీకృత నిర్మాణ నిబంధనల ప్రకారం నక్షా గీయించి, మహానగరపాలిక నగర రచన విభాగంలో అనుమతి తీసుకోవాలి. ఖాళీ వదలాల్సిన పక్క స్థలంలో స్లాబు వేసేసి తర్వాత చూద్దాంలే అనుకోకండి.

జట్‌పురా, బిన్బా, పఠాన్‌పురా దర్వాజాల దగ్గర, కోటగోడ పక్కన ఉన్నవాళ్లు ఇది తప్పక గమనించగలరు. గోండు రాజుల కోటగోడ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. వంద మీటర్ల లోపు పాత ఇంటి మరమ్మతుకైనా ముందస్తు అనుమతి కావాలి. గ్యారేజీ కొత్త నిర్మాణం కిందికే వస్తుంది.

కాగితం మీద రాయనిది ఇంకొకటి ఉంది. పక్కింటి వాళ్లతో ముందే మాట్లాడండి. కప్పు నీళ్లు మన స్థలంలోనే పడాలి. రాత్రి పదింటికి ఇంజన్ మోత వాళ్ల పిల్లల పరీక్షలకు అడ్డు కాకూడదు. నలభై ఏళ్ల ఇరుగుపొరుగు ఒక గోడ దగ్గర తెగిపోకూడదు.

ఇంట్లో కూడా ముందే కూర్చోండి. వరండా పోతే అమ్మ తులసికోట ఎక్కడికి, నాన్న కుర్చీ ఎక్కడికి, ఈ రెండూ నక్షాలో గీసిన తర్వాతే కారు గీయమనండి. చోటు చాలకపోతే చాలలేదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. రోడ్డు ఎత్తు, ప్లాటు కొలతలు, ఆఖీవ్ పత్రిక నకలు తీసుకుని ఆదివారం సంఘం ఆఫీసుకు వస్తే, దరఖాస్తు రాయడంలో మా చేతనైన సాయం చేస్తాం. మురూం పని వానలకు ముందే ముగించుకోగలరని మనవి.