ఫోనులోని దెయ్యం గేములు: ఆట మొదలుకాక ముందు వచ్చే హెచ్చరికను చదువుతున్నారా?



కొన్నాళ్ళ క్రితం ఒక మామ్మ తన తొమ్మిదేళ్ళ మనవడిని మా ఓపీకి తీసుకువచ్చింది. "గుంటడికి ఏదో గాలి సోకింది సిస్టరమ్మా. పదిహేను రోజులయింది, రాత్రి నిద్దరోడు. పక్క తడిపేస్తన్నాడు. సీకటి పడితే ఒక్కడూ గుమ్మం దాటడు" అంది. అప్పటికే మెడలో తాయెత్తు కట్టించారు, రెండుసార్లు దిష్టి తీయించారు. డాక్టరుగారు పరీక్ష చేశారు. జ్వరం లేదు, మూత్ర పరీక్షలో దోషం లేదు. నేను వాడి పక్కన కూర్చుని, "కళ్ళు మూసుకుంటే ఏం కనిపిస్తోంది నాన్నా?" అని అడిగాను. చాలాసేపు పలకలేదు. తరువాత నెమ్మదిగా, "గ్రానీ" అన్నాడు.

గ్రానీ ఒక సెల్‌ఫోను గేము పేరు. 2017లో వచ్చింది. తాళం వేసిన ఇంట్లో ఆడేవాడు చిక్కుకుపోతాడు. ఐదు రోజుల్లో తప్పించుకోవాలి. ఏ చిన్న చప్పుడైనా ఒక భయంకరమైన ముసలామె కర్ర పట్టుకుని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో గ్రానీ అంటే మామ్మ. ఆ పిల్లవాడు రోజూ పడుకునేది తన మామ్మ పక్కలోనే. ఆమె వైపు తిరిగి కళ్ళు మూసుకోలేకపోయాడంటే కారణం మీకే అర్థమై ఉంటుంది.

తండ్రి హైదరాబాదులో తాపీపనికి వలస వెళ్ళాడు. రాత్రిళ్ళు పిల్లవాడితో మాట్లాడడానికని ఫోను కొనిచ్చాడు. మామ్మకు చదువు రాదు. ఆ ఇంట్లో ఎవరిదీ తప్పు అనడానికి లేదు. కాని గేము కింద వయసు ఎంతో రాసి ఉంటుందనీ, అందులో ఏముందో ముందే చెప్పే మాటలుంటాయనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మన పల్లెల్లో చాలా ఇళ్ళలో తెలియదు. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాను.

భయం వేస్తే శరీరంలో ఏం జరుగుతుంది?

భయం వేసినప్పుడు మూత్రపిండాలపైన ఉండే చిన్న గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాము ఎదురైనప్పుడు పారిపోవడానికి దేవుడిచ్చిన ఏర్పాటు ఇది. ఆట అని తెలిసినా శరీరం ఇలాగే స్పందిస్తుంది. పెద్దవారికి కొద్దిసేపట్లో అది సర్దుకుంటుంది, కొందరికి సరదాగా కూడా ఉంటుంది. నేను నర్సింగు చదివే రోజుల్లో హాస్టల్లో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" నవల చేతులు మారుతూ చదివి, రాత్రి బాత్రూముకు ముగ్గురం కలిసి వెళ్ళేవాళ్ళం. పరీక్షలు రాగానే ఆ భయం పోయింది.

చిన్నపిల్లల సంగతి వేరు. ఏడెనిమిది ఏళ్ళలోపు పిల్లలకు కల్పన ఏదో నిజం ఏదో స్పష్టంగా విడదీసుకునే శక్తి పూర్తిగా రాదు. పైగా సినిమాలో దెయ్యం వేరెవరినో తరుముతుంది, గేములో అది ఆడేవాడినే తరుముతుంది. నిద్రకు ముందు ఆడితే ఆ ఉద్రేకంతోనే పక్క ఎక్కుతారు. పీడకలలు, పక్క తడపడం, కడుపునొప్పి అని బడి మానడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం మొదలవుతాయి. మన ప్రాంతంలో దీనిని గాలి అనీ చిల్లంగి అనీ అనుకుని వారాలు గడిపేస్తారు.

హెచ్చరిక ఎక్కడ ఉంటుంది?

సినిమాకు సెన్సారు బోర్డు ఉంది. 1952 నాటి చట్టం ప్రకారం సినిమాను ముందుగా చూసి సర్టిఫికెట్ ఇస్తారు. 2023లో చట్టాన్ని సవరించి యు/ఎ సర్టిఫికెట్‌ను 7 ఏళ్ళు, 13 ఏళ్ళు, 16 ఏళ్ళు అని మూడుగా విభజించారు. 2023లోనే వచ్చిన "విరూపాక్ష" సినిమాకు పెద్దలకు మాత్రమే అనే "ఎ" సర్టిఫికెట్ ఇచ్చారు. అలాంటి సినిమాకు పిల్లలను హాలు గేటు దగ్గర ఆపాలి.

మన దేశంలో వీడియో గేములను అలా ముందుగా చూసి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు లేదు. అమెరికాలో 1994 నుంచి, యూరపులో 2003 నుంచి గేములకు వయసు గుర్తులు వేసే సంస్థలు ఉన్నాయి. మన ఫోన్లలోని ప్లే స్టోరులో గేము పేరు కింద 3+, 7+, 12+, 16+, 18+ అనే అంకెల్లో ఒకటి ఉంటుంది. దాని మీద నొక్కితే హింస, భయం వంటి కారణం కూడా కనిపిస్తుంది. గేము తయారుచేసినవారు కొన్ని ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను బట్టి ఆ అంక వస్తుంది. కాబట్టి ఆ అంకను మొదటి మెట్టుగా తీసుకోండి, అంతా అదే అనుకోవద్దు.

రెండవ హెచ్చరిక గేము తెరవగానే వస్తుంది. రక్తం, ఆత్మహత్య, పిల్లలపై హింస వంటివి ఇందులో ఉన్నాయని, మనసు సున్నితంగా ఉన్నవారు ఆడవద్దని రాస్తారు. సాధారణంగా అది ఇంగ్లీషులోనే ఉంటుంది. పిల్లలు చదవకుండానే నొక్కేసి ముందుకు వెళ్ళిపోతారు.

ఇంకొక సంగతి గమనించండి. చాలామంది పిల్లలు ఈ గేములను తాము ఆడరు. వేరేవాళ్ళు ఆడుతుంటే తీసిన వీడియోలు చూస్తారు. అక్కడ మొదట్లోని హెచ్చరిక కోసేసి ఉండవచ్చు, వయసు అంక కూడా కనిపించదు. భయం మాత్రం అంతే ఉంటుంది.

పైకి ముద్దుగా కనిపించే గేములు

బొమ్మ చూసి గేమును అంచనా వేయకండి. 2021లో వచ్చిన "పాపీ ప్లేటైమ్" గేములో హగ్గీ వగ్గీ అనే నీలిరంగు బొమ్మ ఉంది. కౌగిలించుకునే బొమ్మలాగే ఉంటుంది. కాని కథలో అది పాడుబడ్డ బొమ్మల కర్మాగారంలో మనుషులను తరిమే భూతం. ఆ ఆకారంతో చేసిన బొమ్మలు అంగళ్ళలోకి కూడా వచ్చాయి. కథ తెలియని మనం అదే కొని పిల్లల చేతిలో పెడతాం.

"డోకీ డోకీ లిటరేచర్ క్లబ్" అనే గేము 2017 సెప్టెంబరులో వచ్చింది. బడిలో ఆడపిల్లలు కవితలు రాసుకునే క్లబ్బులాగా అందమైన బొమ్మలతో మొదలవుతుంది. తరువాత మానసిక కుంగుబాటు, తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్య అందులో వస్తాయి. ఇది పిల్లలకు, తేలికగా కలతపడేవారికి తగదని మొదట్లోనే చెబుతారు. 2021లో వచ్చిన కొత్త రూపంలో, కలతపెట్టే దృశ్యాలకు ముందు హెచ్చరిక కావాలని ఆడేవారు ఎంచుకునే ఏర్పాటు కూడా పెట్టారు. అన్నీ ముందే చెబితే కథ తెలిసిపోతుందని కోరుకున్నవారికే చూపిస్తారు.

2018లో ఇంగ్లండులో ఒక పదిహేనేళ్ళ బాలుడు మరణించిన తరువాత అక్కడి అధికారులు ఈ గేము గురించి తల్లిదండ్రులను హెచ్చరించారు. ఒక గేము వల్లనే ప్రాణం పోతుందని చెప్పడం సరికాదు. అటువంటి మరణం వెనుక చాలా కారణాలుంటాయి. ఆడే పిల్లలందరికీ హాని జరుగుతుందనీ కాదు. కాని ముందే కుంగిపోయి ఉన్న పిల్లల చేతికి అలాంటి కథ ఒంటరిగా, అర్ధరాత్రి అందకూడదు.

హెచ్చరిక ఉంటే సరిపోతుందా?

సరిపోదు. 2009లో నెదర్లాండ్స్‌లో 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలపై చేసిన అధ్యయనంలో, వయసు గుర్తు, హింస గుర్తు ఉన్న గేములే పిల్లలను ఎక్కువగా ఆకర్షించాయని తేలింది. వద్దన్న చెట్టు పండు మీదే మనసు పోవడం మనకు తెలియనిది కాదు. కలతపెట్టే విషయాలకు ముందు పెట్టే హెచ్చరికలపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2023లో ఒక సమీక్ష ప్రచురించారు. హెచ్చరిక చదివినంత మాత్రాన తరువాతి బాధ తగ్గడం లేదనీ, చూడబోయే ముందు ఆందోళన కొంచెం పెరుగుతోందనీ అందులో తేలింది.

అయితే హెచ్చరిక ఎందుకు? మందు సీసా మీద చీటీ ఎందుకో ఇదీ అందుకే. చీటీ మందును మార్చదు. ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇవ్వాలో ఇచ్చేవారికి చెబుతుంది. గేము మీది హెచ్చరిక ముఖ్యంగా పెద్దవారి కోసం. దానిని మనం చదవకపోతే అది ఉన్నా లేనట్టే.

మూర్ఛ ఉన్నవారికి ప్రత్యేక హెచ్చరిక

వేగంగా మిణుకుమనే వెలుగులు ఉన్నాయని కొన్ని గేముల మొదట్లో రాస్తారు. ఇది తప్పక చదవవలసినది. 1997 డిసెంబరు 16న జపానులో పోకెమాన్ కార్టూను చూస్తుండగా ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారడంతో దాదాపు 685 మందిని ఆస్పత్రులకు తీసుకువెళ్ళారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. మూర్ఛ వ్యాధి ఉన్న ప్రతి వందమందిలో సుమారు ముగ్గురికి ఇలాంటి వెలుగుల వల్ల మూర్ఛ రావచ్చు.

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే చీకటి గదిలో గేము ఆడనివ్వవద్దు. ఆడుతుండగా కళ్ళు అదరడం, తల తిరగడం మొదలైతే ఒక కంటిని అరచేతితో పూర్తిగా మూసి, తెర నుంచి ముఖం తిప్పుకోవాలి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. ఐదు నిమిషాలు దాటినా, వెంట వెంటనే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయండి.

తల్లిదండ్రులు ఏమి చేయాలి?

1. గేము ఎక్కించే ముందు వయసు అంక చూడండి. మీకు చదవడం రాకపోతే పక్కింటి కాలేజీ పిల్లలను అడగండి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

2. ప్లే స్టోరు తెరిచి, పైన కుడి మూలన ఉన్న గుండ్రటి గుర్తును నొక్కి, సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ అన్నచోట పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేయండి. పిన్ నంబరు మీ దగ్గరే ఉంచుకోండి. స్నేహితుల ఫోను నుంచి పంపుకున్న గేములకు, వీడియోలకు ఈ తాళం పనిచేయదని గుర్తుంచుకోండి.

3. పిల్లలు ఆడే గేమును ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడండి. "ఇందులో ఏం జరుగుతుంది, నాకు చెప్పు" అంటే వాళ్ళే ఉత్సాహంగా చెబుతారు.

4. పడుకోవడానికి గంట ముందే ఫోను తీసి పెద్దవారి గదిలో పెట్టండి. ఈ నియమం పెద్దవారికి కూడా ఉంటేనే పిల్లలు వింటారు.

5. భయపడిన పిల్లలను వెక్కిరించవద్దు, కొట్టవద్దు. "అన్నం తినకపోతే అది వచ్చేస్తుంది" అని అదే భయాన్ని వాడుకోవద్దు. కొన్నాళ్ళు దగ్గర పడుకోబెట్టుకుని చిన్న దీపం ఉంచండి.

6. ఎదిగిన పిల్లలు గేము గురించి చెబుతూ చావు మాట ఎత్తితే కసరవద్దు. "నీకు కూడా అలా అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది.

ఆస్పత్రికి ఎప్పుడు రావాలి?

నిద్రలేమి, పీడకలలు, పక్క తడపడం రెండు వారాలు దాటినా, బడి మానేస్తున్నా, తిండి తగ్గినా డాక్టరుగారికి చూపించండి. ఒంటి మీద కోతలు కనిపించినా, చనిపోవాలని ఉందని అన్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. గేము తీసేయించాము. పట్టపగలు, వాడు సరేనన్న తరువాత, గ్రానీ బొమ్మ ఒక్కటి ఫోనులో మామ్మకు చూపించమన్నాము. ఆమె ఫోను దూరంగా పెట్టి, కళ్ళు చికిలించి చూసింది. "ఇదేటి, దీనికన్నా నానే బాగున్నాను కదేటి!" అంది. వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే అంతా పోలేదు. మూడు వారాలు దీపం పెట్టుకున్నారు, తండ్రి రోజూ ఎనిమిదింటికే ఫోను చేసి మాట్లాడి, తరువాత ఫోను కట్టేయించేవాడు. తరువాతిసారి వచ్చినప్పుడు, రాత్రి ఎలా పడుకుంటున్నావని అడిగితే, "మామ్మ వైపు తిరిగి" అన్నాడు.