ధ్వనియు, అంకెయు, మన చెవియు

పట్టునేతకు దొడ్డబళ్ళాపురము ప్రసిద్ధి. మరమగ్గముల చప్పుడు ఈ యూరివారికి నిత్యపరిచితము. నేడు టెలిఫోను మొదలు ఆసుపత్రి యంత్రముల వరకు పలుచోట్ల పనిచేయుచున్న ఒక శాస్త్రమును గూర్చి తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి. దానిని డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అందురు. ధ్వనిని, చిత్రమును, గుండె కొట్టుకొనుటను అంకెలుగా మార్చి, ఆ అంకెలను గణితముచే సంస్కరించి, మనకు వలసినదానిని వేరుచేయు విద్య యిది. పేరు క్రొత్తదైనను, ఇందలి మొదటి మెట్టు నేతపని యెరిగినవారికి తెలిసినదే.

చీర అంచున నెమలిని నేయదలచినవాడు మొదట దానిని గళ్ళ కాగితముపై గీయును. గీత పడిన గడికి అట్టలో రంధ్రము. పడని గడికి రంధ్రము లేదు. జాకార్డు ఆ రంధ్రములను బట్టి పడుగు పోగులను లేపును. అనగా నెమలి అంతయు ‘ఉన్నది’, ‘లేదు’ అను రెండు మాటలలోనికి మారినది. ఫ్రాన్సు దేశీయుడైన జాకార్డు ఈ యంత్రమును రూపొందించినది 1804 ప్రాంతమున. నేటి కంప్యూటరును 1, 0 అను రెండే గుర్తులతో సమస్తమును వ్రాసికొనుచున్నది.

ధ్వని గాలిలో పుట్టు అల. మైక్రోఫోను దానిని విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు హెచ్చుతగ్గులను మాటిమాటికి కొలిచి అంకెలుగా వ్రాయవలెను. సెకనుకు ఎన్నిమార్లు కొలువవలెను? గడులు మరీ పెద్దవైనచో నెమలి కన్ను మాయమగును. అట్లే కొలతలు చాలనిచో ధ్వనిలోని సూక్ష్మములు పోవును. అంతియే కాదు, లేనిదియు ఉన్నట్లు తోచును. సినిమాలో ముందుకు పోవు బండి చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట ఇట్టిదే. అలలోని మిక్కిలి వేగమైన కంపనమునకు రెట్టింపును మించి కొలిచిన చాలునని అమెరికాలో నైక్విస్ట్ 1928లోను, షానన్ 1949లోను ప్రకటించిన సిద్ధాంతములవలన స్థిరపడినది. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. కావుననే సంగీతపు సీడీలో సెకనుకు 44,100 కొలతలు. సాధారణ టెలిఫోనునకు 8,000 మాత్రమే. ‘స’, ‘శ’ వంటి అక్షరములు ఫోనులో స్పష్టముగా తేలకపోవుటకు ఇది యొక కారణము.

అంకెలైన పిమ్మట గణితము ఆరంభమగును. కొలతలు 5, 5, 17, 5, 5 అని వచ్చినవనుకొందము. నడుమనున్న 17 ఎక్కడనో పుట్టిన చప్పుడు. నడిమి మూడు అంకెలలో ఒక్కొక్కదానిని ఇరుప్రక్కల అంకెలతో కూడి సగటు వ్రాసినచో అవి 9, 9, 9 అగును. పదునైన చప్పుడు మొద్దుబారినది. బడిపిల్లలు చేయగల ఈ లెక్కయే ఈ శాస్త్రమునకు బీజము. గుణకములను మార్చి, ఏ కంపనములను ఉంచవలెనో, ఏవి తొలగింపవలెనో నిర్ణయింపవచ్చును. ఒక ధ్వనిలో ఏ కంపనము ఎంత కలదో శీఘ్రముగా లెక్కించు పద్ధతిని 1965లో కూలీ, టూకీ అను శాస్త్రజ్ఞులు ప్రచురించిరి. ఈసీజీలో ఇంటి విద్యుత్తు కలిగించు 50 కంపనముల రొదను తీసివేయుట, ఫోటోను కుదించి పంపుట, ఫోనులో ప్రతిధ్వనిని అణచుట, ఇవన్నియు ఈ గణితఫలములే. ఇట్టి లెక్కలకు ప్రత్యేకమైన చిప్పులను 1980లలో వ్యాప్తికి తెచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1985లో బెంగుళూరున తన కేంద్రమును నెలకొల్పినది.

ఇక మన యింటి విషయము. మరమగ్గముల షెడ్డులో చప్పుడు తరచుగా 90 డెసిబెల్‌లను మించును. ఏండ్ల తరబడి అందు పనిచేయువారికి మొదట తగ్గునది 4,000 కంపనముల ప్రాంతపు వినికిడి. అచ్చులు తగ్గు కంపనములలో బలముగా వినబడును. స, శ, త, క వంటి హల్లుల ఆనవాలు పై కంపనములలో ఉండును. కనుకనే పెద్దలు “వినబడుచున్నది, కాని మాట తెలియుట లేదు” అందురు. వారు పరాకున ఉన్నారని మనము విసుగుకొనుట అన్యాయము.

పాత శ్రవణయంత్రములు మాటతోపాటు రొదను గూడ హెచ్చించెడివి. 1996 ప్రాంతమున వచ్చిన డిజిటల్ యంత్రములు ధ్వనిని కంపనముల వారీగా విభజించి, తగ్గిన భాగమునే పెంచును. ఎడతెగని రొదను కొంత అణచును. ఐనను పోయిన వినికిడిని ఏ యంత్రమును పూర్తిగా తిరిగి ఈయజాలదు. లోచెవిలోని సూక్ష్మరోమకణములు నశించినచో మరల మొలవవు. కావున షెడ్డులో చెవులకు బిరడాలు పెట్టుకొనుట అన్నిటికన్న మేలు.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త వలయును. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పుస్తకములలో ఆంగ్లము. పిలిచిన పలుకని బిడ్డను చూచి, మూడు భాషలు కలిసి మతి తికమకపడినదని కొందరు తలంతురు. ఇంట తెలుగు మానిపింపుడని సలహా యిత్తురు. అట్లు చేయుటకు పూర్వము చెవులను పరీక్షింపజేయుడు. పలుభాషలు వినుటవలన చెవుడు రాదు. చెవుడున్నచో ఏ యొక్క భాషయు సరిగా రాదు. పుట్టుచెవిటి శిశువులకు అమర్చు కాక్లియర్ ఇంప్లాంటు కూడ ధ్వనిని ఇట్లే విభజించి శ్రవణనాడికి అందించును. అది ఎంత చిన్నతనమున జరిగిన అంత ఫలము.

వినికిడి పరీక్షలలో మాటలు పలికి మరల చెప్పించు భాగము కలదు. బిడ్డకు తెలియని భాషలో పలికినచో, అది చెవి లోపమో భాష లోపమో తేలదు. కావున ఇంటి భాష తెలుగని పరీక్షకునికి ముందే తెలుపవలెను. 1960లలో స్థాపింపబడిన మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇట్టి పరీక్షలకును చికిత్సకును పేరుగన్నది.

యంత్రము ధ్వనిని చెవికి చేర్చును. ఆ ధ్వనికి అర్థము నేర్పువారు తల్లిదండ్రులే. శ్రవణయంత్రము ధరించిన బిడ్డతో ఎదుట కూర్చుండి, తొందరపడక, స్పష్టముగా, ఇంటి భాషలో ప్రతిదినము మాటలాడుడు.