ఇంట్లో తూటాలు నింపితే జైలుపాలే
గురి నేర్చుకోవాలంటే ఎయిర్ రైఫిల్ ఉంది

దిల్‌సుఖ్‌నగర్: విజయవాడ రోడ్డులో ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం చేరితే జింకల పార్కు వస్తుంది. నిజాం కాలంలో అది వేట మైదానం. నవాబులు, వారి అతిథులు అక్కడ తుపాకులు పేల్చేవారు. 1975లో మహావీరుని 2,500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా ఆ అడవిని మహావీర్ హరిణ వనస్థలిగా మార్చారు. 1994లో జాతీయ పార్కు అయింది. నేడు అక్కడి కృష్ణజింక మీద గురి పెడితే కటకటాలు లెక్కించవలసిందే.

కాలం మారినా తుపాకీ మోజు మాత్రం పోలేదు. అడవి పందులు చేలు పాడు చేస్తున్నాయని పల్లెల్లో కొందరు నాటు తుపాకీలో మందు కూరి, సీసం కరిగించి గుండ్లు పోస్తుంటారు. పట్నంలో కుర్రకారు విదేశీయులు ఇంట్లోనే తూటాలు తయారు చేసుకోవడం సెల్‌ఫోన్లలో చూసి ముచ్చట పడుతున్నారు.

అమెరికా వంటి దేశాల్లో పోటీలకు వెళ్లేవారు పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారవేయరు. మళ్లీ మందు నింపి వాడతారు. ఖర్చు కలిసివస్తుంది, ప్రతి తూటా ఒకే తీరున పేలుతుంది. కానీ అక్కడి చట్టం వేరు, మన చట్టం వేరు.

చట్టం ఏమంటోంది?

1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గాని, తూటా గాని తయారు చేయరాదు. 2019 సవరణతో శిక్ష మరింత కఠినమైంది. ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా జైలు, జరిమానా పడవచ్చు. తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసుకునే హక్కు రాదు.

తాతల నాటి తుపాకీ అటక మీద ఉన్న కుటుంబాలు కూడా జాగ్రత్త పడాలి. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆ ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని అప్పగించాలి. తమ పేర లైసెన్సు కావాలంటే ఆ తరువాత దరఖాస్తు చేసుకోవచ్చు.

సీసం చేసే చేటు

చట్టం సంగతి అలా ఉంచితే ప్రాణాపాయం ఇంకొకటి. మందు పాలు కాస్త ఎక్కువైనా తుపాకీ గొట్టం పగిలి, పేల్చినవాడి చేతులకు, కళ్లకే ముప్పు.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కట్టెల పొయ్యి చాలు కదా అని పాత బ్యాటరీల సీసం ఇంట్లో కరిగించేవారున్నారు. ఆ పొగ, ధూళి గిన్నెల మీద, బట్టల మీద, నేల మీద పడతాయి. నేల మీద పాకే పసిబిడ్డ చేతుల ద్వారా నోట్లోకి పోతాయి. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బ తీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అనడానికి వీలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

ఆటగా నేర్చుకోవాలంటే

గురి మీద ఆసక్తి ఉన్నవారికి మంచి దారి ఎయిర్ రైఫిల్. ఇందులో మందు లేదు, పేలుడు లేదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల చిన్న గుండు దూసుకుపోతుంది. గుండ్లు దుకాణంలో దొరుకుతాయి, ఇంట్లో పోసుకునే పని లేదు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఆ కొలత మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర లేదు. అయితే దానితో కుందేలును, నెమలిని కొడితే మాత్రం నేరమే. గుండ్లు సీసంవే గనుక ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పోటీలో లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఈ ఆటలోనే హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. మన నగరపు ఇషా సింగ్ 13 ఏళ్లకే 2018లో ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది.

2002 జాతీయ క్రీడల నాటి షూటింగ్ రేంజి గచ్చిబౌలి వైపు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇబ్రహీంపట్నం, యాచారం పిల్లలకు అది నగరం ఆ చివర. ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో, మళ్లీ మరో బస్సు. రోజూ అయ్యే పని కాదు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం వంటి చోట గ్రామీణ పిల్లలకు 10 మీటర్ల గురి నేర్పే ఏర్పాటు చేస్తే, నాటు తుపాకీ వైపు పోయే చేతులు పతకాల వైపు మళ్లుతాయి. క్రీడాధికారులు ఈ విషయం పరిశీలించాలి.